ఇనుపరాయి, మూసమట్టి: వదిలేసిన గుంతల చరిత్ర

తెలంగాణలో చాలా ఊళ్ల పొలిమేరల్లో చిట్టెం కనిపిస్తుంది. ముడిరాయి నుంచి ఇనుము తీసిన తర్వాత మిగిలిన పిప్పినే చిట్టెం అంటారు. నల్లగా, బరువుగా ఉంటుంది. ఒకవైపు గాజులా నున్నగా, ఇంకోవైపు బుడగలు పగిలినట్టు గుంటలు గుంటలుగా ఉంటుంది. మేకలు కాసే పిల్లలు దాన్ని కాలితో తన్నుకుంటూ పోతారు. దాని చుట్టుపక్కల లోతు లేని పాత గుంతలు ఉండి, వాటి గట్టున ఎర్రరాయి, తెల్లమట్టి తేలి ఉంటే, ఒకప్పుడు అక్కడ మనుషులు ఇనుపరాయి, మట్టి తవ్వుకున్నారని అనుకోవచ్చు. బోర్డు లేని, పేరు లేని గనులు అవి.

ఈ గనుల గురించి మన పాఠాల్లో పెద్దగా ఉండదు. ఇనుము, ఉక్కు పాఠం 1907లో పుట్టిన టాటా కంపెనీతో మొదలై జంషెడ్‌పూర్, భిలాయి, విశాఖపట్నం మీదుగా పోయి ముగుస్తుంది. ఆ పాఠం చదివిన పిల్లలు ఇనుము ఫ్యాక్టరీలో పుడుతుందని, మన ఊళ్లకు లారీలో వస్తుందని అనుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకు ఎవరూ వేరే సంగతి చెప్పలేదు.

మేము నల్గొండ జిల్లా కేతేపల్లి వైపు పాఠాలు చెప్పుకునే ఆదివాసీ ఉపాధ్యాయులం. మా బడి పిల్లలకు, మీ ఊళ్లలోని యువతకు, సాటి ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము. ఇనుము తయారు కావాలంటే నాలుగు కావాలి. ముడిరాయి, మట్టి, బొగ్గు, పని తెలిసిన చెయ్యి. ఈ నాలుగూ మన నేలలో ఉండేవి. వాటిలో ఏది పోయింది, ఎట్లా పోయింది అన్నదే ఈ గుంతల చరిత్ర.

కాలికింది రాయి

కేతేపల్లి మూసీ నది పక్కన ఉంది. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు ఇక్కడే ఉంది. చుట్టూ కనిపించే గుట్టలు, బండలు గ్రానైటు, నైస్ అనే రాళ్లు. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతమంతా చాలావరకు ఈ రాతి మీదే నిలబడి ఉంది. అక్కడక్కడ నల్లరాతి గోడల్లాంటివి ఈ బండలను చీల్చుకుని బారుగా పోతాయి. వాటిని డోలరైట్ డైకులు అంటారు. గద్వాల, పెద్దవూర వైపు ఇంకా పాత రాళ్ల పట్టీలు ఉన్నాయి. అవి తొలి కాలపు అగ్నిపర్వతాల లావా, సముద్రపు మడ్డి కలిసి గట్టిపడిన రాళ్లు.

గ్రానైటు ఒకే ఖనిజం కాదు. అందులో తెల్లగా మెరిసే పలుగురాయి ఉంది. గులాబీ రంగు, బూడిద రంగు ఫెల్‌స్పార్ ఉంది. నల్లటి అభ్రకం ఉంది. చాలా కొద్దిగా మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం కూడా ఉంది. ఎండకు వేడెక్కి, వానకు తడిసి, వేల ఏళ్లు గడిచాక బండ పుచ్చిపోతుంది. అప్పుడు దానిలోని ఖనిజాలు వేటికవి విడిపోతాయి. పలుగురాయి ఇసుక అవుతుంది. ఫెల్‌స్పార్ తెల్లటి సుద్దమట్టి అవుతుంది. ఇనుము తుప్పు పట్టి చెల్క నేలకు ఎర్ర రంగునిస్తుంది. మాగ్నటైట్ మాత్రం కరగకుండా నల్ల ఇసుకగా మిగులుతుంది. అది బరువైనది కాబట్టి వాగు మలుపుల్లో, నీళ్లు నెమ్మదించే చోట ఒక చారలాగ పేరుకుంటుంది. వాన వెలిసిన తర్వాత వాగు ఇసుకలో అయస్కాంతం తిప్పితే ఆ నల్ల పొడి మీసాల్లా అంటుకుంటుంది. చేతిలోకి వచ్చే మొదటి ఇనుప ఖనిజం అదే.

ఇనుము దొరికే రెండో చోటు చారల రాయి. భూమి తొలి రోజుల్లో గాలిలో ప్రాణవాయువు దాదాపు లేదు. సముద్రపు నీటిలో ఇనుము కరిగి ఉండేది. ప్రాణవాయువును విడిచే సూక్ష్మజీవులు పెరిగాక ఆ ఇనుము తుప్పులాగ మారి అడుగుకు దిగింది. ఒక పొర ఇనుము, ఒక పొర పలుగురాయి, మళ్లీ ఇనుము. అట్లా పేరుకున్న పొరలు తర్వాత వేడికి, ఒత్తిడికి గట్టిపడి చారల రాయి అయ్యాయి. కరీంనగర్, జగిత్యాల వైపు ఈ మాగ్నటైట్ చారల రాయి ఉంది. స్వచ్ఛమైన మాగ్నటైట్‌లో నూటికి 72 పాళ్ల దాకా ఇనుమే ఉంటుంది. కానీ పలుగురాయి పొరలు కలిసిన చారల రాతిలో అది సగానికి సగం తగ్గిపోతుంది. పెద్ద కంపెనీలు అటువంటి రాయిని నాసిరకం అంటాయి. చేతితో ఏరి, దంచి, నీళ్లలో కడిగి, బరువైనదాన్ని వేరు చేసుకునే మనిషికి మాత్రం అది పనికొచ్చే రాయే.

ఒకే గుంతలో ఇనుము, మట్టి

మూడో చోటు మన విషయానికి అన్నిటికంటే దగ్గరిది. వికారాబాద్, జహీరాబాద్ వైపు గట్ల మీద ఎర్రటి, తూట్లు తూట్లుగా ఉండే రాయి కనిపిస్తుంది. దాన్ని లాటరైట్ అంటారు. ఇక్కడ లోతున ఉన్న రాయి దక్కను లావా. వేల వేల ఏళ్లు వేడి, వాన ఒకదాని వెంట ఒకటి పడిన చోట, నీళ్లు రాతిలోని సున్నం, సోడా, ఇసుకాంశం కడిగి తీసుకుపోతాయి. కరగని ఇనుము, అల్యూమినియం పైన మిగిలిపోతాయి. ఎండలో గట్టిపడి పెంకు కడతాయి.

ఈ పెంకును తవ్వుకుంటూ కిందికి పోతే పొరలు మారుతాయి. పైన ఇనుము ఎక్కువగా ఉన్న ఎర్రరాయి. దాని కింద ఎరుపు, పసుపు, తెలుపు కలగలిసిన మచ్చల మట్టి. ఇంకా కింద మెత్తటి తెల్ల సుద్ద. దాని కింద పుచ్చిన రాయి. ఆ తర్వాతే అసలు బండ. అంటే ఒకే గుంతలో పైన ఇనుపరాయి, కింద సుద్దమట్టి. ఆ కాలపు యూరోపియన్ శాస్త్రజ్ఞులు ఈ ఎర్రరాయిని తమ రాతల్లో ‘ఇనుప మట్టి’ అనే అర్థం వచ్చే మాటతోనే పిలిచారు. ఇనుము తీసేవాళ్లకు రెండూ అవసరమే. ఇనుము రాతిలో ఉంటే, దాన్ని కరిగించే కొలిమి, గాలి ఊదే గొట్టం, ఉక్కు వండే మూస, ఇవన్నీ మట్టితో చేసినవే. మామూలు మట్టి అంత వేడికి కుంగిపోతుంది. ఏ మట్టి నిలుస్తుందో, ఏది పగులుతుందో తెలిసినవాడే కొలిమి కట్టగలడు.

వేల ఏళ్ల పని

దక్షిణ తెలంగాణలో గుట్టల పక్కన, చెల్కల్లో పెద్ద పెద్ద రాళ్లు గుండ్రంగా పాతి ఉంటాయి. వాటిని జనం రాక్షస గుళ్లు అంటారు. అవి రాక్షసులవీ కావు, గుళ్లూ కావు. చనిపోయినవాళ్ల సమాధులు. తవ్వి చూసినచోట ఎరుపు నలుపు కుండలతో పాటు ఇనుప కత్తులు, బాణపు ములుకులు, గొడ్డళ్లు దొరికాయి. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయిన నల్గొండ జిల్లా ఏలేశ్వరంలో అట్లాంటి సమాధులను ముంపుకు ముందు తవ్వారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్లు ఉన్నాయి. 2025లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో జరిగిన తవ్వకాల్లో దొరికిన ఇనుప వస్తువులు నాలుగు వేల ఏళ్లకు పైబడినవని పరిశోధకులు లెక్క కట్టారు.

సమాధిలో ఇనుము పెట్టారంటే, ఆ ఇనుమును ఎవరో తవ్వారు, ఎవరో బొగ్గు కాల్చారు, ఎవరో రాత్రంతా తిత్తి తొక్కారు. సమాధి ఎవరిదో చెప్పడానికి పండితులు ప్రయత్నిస్తారు. గుంత తవ్వినవాడు ఎవరని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న మనం అడగాలి.

ముద్ద ఎట్లా పుడుతుంది

ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల వేడి కావాలి. మట్టి కొలిమిలో అంత వేడి రాదు. సుమారు 1,200 డిగ్రీల దగ్గరే పని జరిగేది. మరి కరగకుండా ఇనుము ఎట్లా వచ్చింది?

మనిషి నడుము ఎత్తో, ఛాతీ ఎత్తో ఉండే మట్టి కొలిమి కట్టేవారు. అడుగున గాలి పోవడానికి మట్టి గొట్టం అమర్చేవారు. దానికి మేకతోలు తిత్తులు కట్టేవారు. పైనుంచి ఒక పొర బొగ్గు, ఒక పొర కడిగిన ముడిరాయి వేస్తూ పోయేవారు. బొగ్గు మండి వచ్చే వాయువు ముడిరాతిలోని ప్రాణవాయువును లాగేసుకుంటుంది. ఇనుము మిగులుతుంది. రాతిలోని ఇసుకాంశం కొంత ఇనుముతో కలిసి కరిగి, ద్రవంగా అడుగుకు జారుతుంది. కొలిమి కింద కన్నం తెరిస్తే అది ఎర్రగా పారి బయటకు వస్తుంది. చల్లారాక అదే చిట్టెం. ఒకవైపు నున్నగా ఉండటానికి కారణం అది నీళ్లలా పారడమే. లోపల మిగిలిన ఇనుము మాత్రం కరగదు. స్పంజిలా, తూట్లతో, ముద్దగా ఉంటుంది. కొలిమి పగలగొట్టి ముద్దను బయటకు లాగి, ఎర్రగా ఉండగానే సమ్మెటలతో బాదేవారు. లోపల ఇరుక్కున్న చిట్టెం చిప్పిల్లి బయటకు వచ్చేసేది. మళ్లీ కాల్చి, మళ్లీ బాదితే పనికొచ్చే ఇనుము అయ్యేది. ఈ పని చేసే కమ్మరులకు ఉత్తర తెలంగాణలో ముద్ద కమ్మరులు అనే పేరు వచ్చింది. పేరులోనే పని ఉంది.

ఒక్కసారి చిట్టెం ముక్కను పగలగొట్టి చూస్తే ఆ రోజు పని ఎట్లా సాగిందో తెలుస్తుంది. నున్నగా పారిన చారలు ఉంటే కొలిమి బాగా వేడెక్కింది. బొగ్గు ముక్కల ముద్రలు ఉంటే అది లోపలే గడ్డకట్టింది. అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటే అందులో ఇనుము ఇంకా మిగిలిపోయింది. రాత లేని కాలానికి ఇదే దస్తావేజు.

కోనసముద్రం మూస

ముద్ద నుంచి కర్రు, గొడ్డలి, కొడవలి చేయవచ్చు. పదును నిలవాలంటే ఉక్కు కావాలి. ఇనుములో నూటికి ఒకటి, రెండు పాళ్ల బొగ్గు సారం, అంటే కార్బన్ కలిస్తే అది ఉక్కు అవుతుంది. తక్కువైతే మెత్తగా వంగిపోతుంది. ఎక్కువైతే గాజులా పగిలిపోతుంది. ఆ కొలతను కంటితో, చేతితో పట్టుకున్న ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం.

ఈ ఊరి పని గురించి కళ్లారా చూసి రాసినవాడు హెన్రీ వాయ్సే. ఆయన దేశాన్ని కొలిచిన పెద్ద సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1824లో చనిపోయాడు. ఆయన రాసిన వివరం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అందులోని సంగతి క్లుప్తంగా ఇది. ఉక్కుకు రెండు ఊళ్ల ఇనుము వాడేవారు. ఒకటి నల్ల ఇసుక నుంచి తీసింది. రెండోది ‘ఇనుప మట్టి’ నుంచి తీసింది. మొదటిది మూడు పాళ్లు, రెండోది రెండు పాళ్లు కలిపేవారు. గ్రానైటు పుచ్చి ఏర్పడిన మట్టిలో పాత కొలిమి పెంకుల పొడి, ఊక, నూనె కలిపి మూసలు చేసేవారు. ఇనుప ముక్కలు పెట్టి మూసను మట్టితో మూసేవారు. ఒక పగలు, ఒక రాత్రి తిత్తులు ఆగకుండా ఊదేవారు. చల్లారాక మూస పగలగొడితే గట్టి ఉక్కు బిళ్ల వచ్చేది. దాన్ని మళ్లీ గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చి మెత్తబరిచేవారు.

ఇక్కడ ఆలోచించాల్సిన విషయాలు రెండు ఉన్నాయి. ఒకటి, రెండు రకాల ఇనుము ఎందుకు? ఒకదానిలో కార్బన్ ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. రెండూ కలిసి కరిగితే కావలసిన మధ్య కొలత వస్తుంది. కార్బన్ అనే పేరు తెలియకపోయినా దాని లెక్క తెలుసు. రెండు, మట్టిలో ఊక ఎందుకు? 1980ల చివర అమెరికన్ పరిశోధకురాలు థెల్మా లో కోనసముద్రం మూస పెంకులను పరీక్షించారు. ఊక కాలిపోయి దాని బొగ్గు, ఇసుకాంశం మట్టిలో మిగిలిపోతాయి. వేడికి మట్టిలో మల్లైట్ అనే గట్టి స్ఫటికాలు అల్లుకుంటాయి. అందుకే 1,400 డిగ్రీల పైన వేడిలో కూడా ఆ మూస కుంగదు. మనం వడ్లు దంచి పారేసే ఊక ఉక్కుకు కవచం అయింది.

దక్షిణాదిలో వేరేచోట్ల పద్ధతి వేరు. సేలం వైపు మూసలో ఇనుముతో పాటు తంగేడు పుల్లలు వేసి, పైన జిల్లేడు ఆకులు కప్పేవారని హీత్ అనే ఆంగ్లేయుడు రాశాడు. తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో పేర్చే ఆ పువ్వు చెట్టు పుల్ల ఒకప్పుడు ఉక్కులో కార్బన్ అయింది.

వాయ్సే కోనసముద్రం పోయినప్పుడు అక్కడ ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఉన్నాడు. ఉక్కు కొనడానికే వచ్చాడు. అంతకు సుమారు నూట యాభై ఏళ్ల ముందే ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియే, పర్షియాలో కత్తులకు వాడే మంచి ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. ఆ కత్తులను లోకం డమాస్కస్ కత్తులు అంది. ఉక్కు అనే మన మాటే మారి ఇంగ్లీషులో ‘వూట్జ్’ అయిందని పండితులు అంటారు. 1790లలో దాని నమూనాలు బొంబాయి నుంచి లండన్ రాయల్ సొసైటీకి పోయాయి. 1819 తర్వాత మైకేల్ ఫారడే దాని రహస్యం పట్టుకోవాలని ప్రయోగాలు చేశాడు. విద్యుత్తు పాఠంలో మనం చెప్పుకునే ఫారడే ఒక కమ్మరి కొడుకు.

ఆ చేతులు ఎవరివి

డమాస్కస్ పేరు లోకానికి తెలుసు. కోనసముద్రం పేరు కొద్దిమందికి తెలుసు. గుంతలో రాయి తవ్వినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు. ఇస్ఫహాన్ వ్యాపారి సంగతి పుస్తకంలోకి ఎక్కింది. బొగ్గు కాల్చిన మనిషి సంగతి ఎక్కలేదు.

మధ్య భారతంలో ఇనుము కరిగించడమే కులవృత్తిగా బతికిన ఆదివాసీలు అగరియాలు. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల గురించి ఒక పుస్తకమే రాశాడు. జార్ఖండ్‌లో అసురులు అదే పని చేశారు. పురాణాల్లో అసురులంటే రాక్షసులు. జార్ఖండ్‌లో అసురులంటే ఇనుము చేసిన మనుషులు. మన రాష్ట్రాల షెడ్యూల్డ్ తెగల జాబితాలో ‘కమ్మర’ అనే పేరు ఉంది. వాళ్లు కొండల్లో, ఏజెన్సీ ఊళ్లలో ఆదివాసీలకు గొడ్డళ్లు, కర్రులు చేసి ఇచ్చిన కమ్మరులు. నల్లమల చెంచులు ఇనుము కరిగించలేదు. కానీ గడ్డలు తవ్వే కర్రకు ఇనుప మొన, బాణానికి ఇనుప ములికి లేకుండా వాళ్ల బతుకు సాగదు. వాటి కోసం కింది ఊళ్ల కమ్మరుల దగ్గరికి అడవి సరుకు తీసుకుని దిగేవారు. అట్లా అడవికి, కొలిమికి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉండేది.

ఇందులో ఒక్క కులం, ఒక్క తెగ గొప్ప అని చెప్పడం మా ఉద్దేశం కాదు. రాయి తెచ్చినవాళ్లు, కట్టె కొట్టినవాళ్లు, మట్టి తొక్కినవాళ్లు, తిత్తి ఊదినవాళ్లు వేరువేరు ఇళ్లవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు కూడా అందులో ఉన్నారు. వీళ్లలో ఎవరికీ బడి లేదు. కానీ వాళ్లకు తెలిసింది శాస్త్రం కాదని ఎవరు అనగలరు?

గుంతలు ఎందుకు ఖాళీ అయ్యాయి

ముడిరాయి అయిపోయి కొలిమి ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చారల రాయి ఇప్పటికీ ఉంది. వాగులో నల్ల ఇసుక ఇప్పటికీ ఉంది. సుద్ద ఇప్పటికీ ఉంది. పోయినవి వేరే.

మొదట బజారు పోయింది. ఇంగ్లండులో రాతిబొగ్గుతో పెద్ద కొలుముల్లో ఇనుము చేయడం పెరిగింది. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు కూడా టన్నుల లెక్కన, చవకగా తయారైంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఓడలో వచ్చిన ఇనుము ఆ రైలెక్కి నిజాం రాజ్యంలోకి దిగింది. ఊరి కమ్మరి ముద్ద కొనడం మానేసి తయారు ఇనుప పట్టీ కొన్నాడు. ముద్ద కమ్మరి కొలిమి చల్లారింది.

తర్వాత బొగ్గు పోయింది. ఒక ముద్ద ఇనుముకు దానికంటే ఎన్నో రెట్లు బరువైన బొగ్గు కావాలి. ఆ బొగ్గు అడవి నుంచే రావాలి. బ్రిటిష్ ఇండియాలో 1865లో, 1878లో అటవీ చట్టాలు వచ్చాయి. నిజాం రాజ్యంలో కూడా అడవులకు హద్దులు గీశారు, రిజర్వు చేశారు. కట్టె కొడితే నేరం, బొగ్గు కాల్చితే నేరం, పోడు చేస్తే నేరం అయింది. ఆ రిజర్వుల పేరుతో గోండుల ఊళ్లు ఖాళీ చేయించినందుకే కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నిలబడి ప్రాణమిచ్చాడు. అదే హద్దురాయి పోడు చేసేవాడికీ, బొగ్గు కాల్చేవాడికీ అడ్డం వచ్చింది. జోడేఘాట్ గురించి మనకు తెలుసు. చల్లారిన కొలుముల గురించి అంతగా తెలియదు.

పెద్ద పెట్టుబడి ఉన్నవాళ్లు కూడా బొగ్గు లేకుండా నిలవలేదు. తంగేడు సంగతి రాసిన హీతే 1830లో తమిళనాడు తీరంలో పోర్టోనోవో దగ్గర ఆంగ్లేయ పద్ధతిలో ఇనుప కర్మాగారం పెట్టాడు. కట్టెబొగ్గు కొరతతో, నష్టాలతో అదీ మూతపడింది.

కొలిమి ఆగాక రెండు మూడు తరాల్లో పని తెలిసిన చెయ్యి కూడా పోయింది. నాలుగింటిలో రెండు మిగిలాయి, రెండు పోయాయి. రాయి, మట్టి ఉన్నాయి. బొగ్గు, చెయ్యి లేవు.

రాయి కోసం మళ్లీ వచ్చారు

గుంతలు ఖాళీ అయినా రాయి మీద కన్ను పోలేదు. పాత ఖమ్మం జిల్లాలో, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న బయ్యారం ఇనుపరాయి కోసం ఎన్నో ఏళ్లుగా మాటలు నడుస్తున్నాయి. కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు, వేయించిన శాసనం ఉన్న ఊరు అది. 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడో షెడ్యూలులో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలును ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. కర్మాగారం రాలేదు. రాయి అక్కడే ఉంది.

మన దక్షిణ తెలంగాణలో వచ్చింది ఇనుము కోసం కాదు, యురేనియం కోసం. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు తండాల దగ్గర, ఆ తర్వాత నల్లమలలో చెంచులు బతికే అమ్రాబాద్ అడవిలో సర్వేల మాట వచ్చింది. జనం ఎదురు నిలిచారు. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది.

ఇక్కడ మన యువత గుర్తుపెట్టుకోవలసిన చట్టం సంగతులు కొన్ని ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసీ భూమి ఆదివాసేతరులకు మారకుండా 1959 నాటి భూబదలాయింపు నిబంధన ఉంది. 1970లో చేసిన సవరణతో అది గట్టిపడింది. 1997లో సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న ఖనిజాల లీజు ఇవ్వాలంటే గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ ముందుగా సిఫార్సు చేయాలి. ఇనుము పెద్ద ఖనిజం. మట్టి చిన్న ఖనిజం. 2015లో కేంద్రం 31 ఖనిజాలను చిన్న ఖనిజాలుగా ప్రకటించింది. చైనా క్లే, ఫైర్ క్లే, లాటరైట్ ఆ జాబితాలో ఉన్నాయి. అంటే సుద్దమట్టి కోసం, ఎర్రరాయి కోసం ఎవరైనా షెడ్యూల్డ్ ఊరికి వస్తే గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫార్సు చేయకుండా లీజు ఇచ్చే వీలు లేదు.

ఒకటి మాత్రం స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ రక్షణలు షెడ్యూల్డ్ ప్రాంతాలకే. అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ గ్రామాలు ఉన్నాయి. కేతేపల్లి షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మన ఊరు ఏ జాబితాలో ఉందో తెలియకపోతే ఉన్న హక్కు కూడా వాడుకోలేము. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉన్న అడవికి కూడా వర్తిస్తుంది.

బడిలో చేయగల పని

గుంతల చరిత్ర పిల్లలకు చెప్పడానికి ప్రయోగశాల అక్కరలేదు. సాటి ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు.

వాన వెలిసిన తర్వాత పిల్లలను వాగుకు తీసుకుపోండి. ఒక అయస్కాంతానికి కాగితం చుట్టి ఇసుకలో తిప్పించండి. అంటుకున్న నల్ల పొడిని వేరు చేసి తూకం వేయించండి. ఏ మలుపులో ఎక్కువ దొరికిందో పిల్లలే కనిపెడతారు. భూగోళం పాఠం అక్కడే అయిపోతుంది.

చిట్టెం దొరికిన చోటును ఊరి పటంలో గుర్తు పెట్టించండి. ముక్కలను కుప్పలుగా ఇంటికి తేవద్దని చెప్పండి. ఎక్కడ దొరికిందో తెలియని ముక్క ఏమీ చెప్పదు. చోటు తెలిసిన ముక్క చరిత్ర చెబుతుంది. మట్టి గొట్టం ముక్కలు, లోపల గాజులా మెరిసే మూస పెంకులు దొరికితే అక్కడే ఉంచి, ఫొటో తీసి, మండల కేంద్రం ద్వారా పురావస్తు శాఖకు రాయండి. రాక్షస గుళ్ల రాళ్లను పీకి ఇళ్లకు, గట్లకు వాడకుండా పెద్దలతో మాట్లాడండి.

ఊరి కమ్మరి దగ్గర, గూడెం పెద్దల దగ్గర మాటలు రాయించండి. దాగలి, సమ్మెట, పటకారు, తిత్తి, మూస, కర్రు. పని పోయినా మాట కొంతకాలం నిలుస్తుంది. మాట కూడా పోతే తిరిగి తెచ్చుకోలేము. మీ భాషలో, కోయలో, గోండిలో, చెంచుల యాసలో, ఇనుముకు, బొగ్గుకు, మట్టికి ఉన్న పేర్లు వేరుగా రాయించండి. పాత గుంతలను మీ ఊళ్లో ఏమంటారో, వాటి మీద ఏ కథ చెబుతారో కూడా రాయించండి.

పదో తరగతి దాటిన పిల్లలకు ఒక మాట. భూగర్భ శాస్త్రం చదవండి. మన కొండల మీదికి సర్వే చేసేవాళ్లు వచ్చినప్పుడు వాళ్ల చేతిలోని పటంలో ఏ రంగు ఏ రాయికి గుర్తో మనవాళ్లలో ఒకరికి తెలియాలి. గ్రామసభలో కాగితం మీద వేలిముద్ర వేసేముందు ఆ కాగితం చదివి చెప్పే పిల్లవాడో, పిల్లో ఊళ్లో ఉండాలి. రాయి పేరు, దాని విలువ, దాన్ని తవ్వితే నీళ్లకు ఏమవుతుందో మనమే చెప్పగలిగితే, వచ్చినవాళ్లు మనతో మాట్లాడే తీరు మారుతుంది.

మన పెద్దలు రాయి చూసి ఇనుము పట్టారు. మట్టి చూసి మూస చేశారు. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. చిట్టెం కుప్పల్లో మాత్రం వాళ్ల పని ఉంది. రోడ్డు కంకర కింద అవి కలిసిపోకముందే వాటిని లెక్కపెట్టి, పటంలో పెట్టి, పిల్లలకు చూపించే పని మనది.